సెల్‌ఫోను యుగమున విద్యార్థి - ఉపాధ్యాయుని కర్తవ్యము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాసము)



ఒక గ్రంథాలయము 25 ఏండ్లు నిలుచుట సామాన్య విషయము కాదు. భవనము కట్టుట ఒకనాటి ఉత్సాహముతో జరుగవచ్చును. ప్రతి సాయంకాలము తలుపు తీసి, దీపము వెలిగించి, పత్రికలు బల్లపై పరచుట మాత్రము ఏండ్ల తరబడి ఓర్పు వహించిన గాని జరుగదు. ఈ తలుపు మొదట తెరచిన కాలమున పల్లెలలో సెల్‌ఫోను అపురూపమైన వస్తువు. నేడు ఈ వాకిట ఆడుకొను పిల్లవానికి ఓనమాలు రాకమునుపే ఫోను తెరను వ్రేలితో జరుపుట వచ్చుచున్నది. అట్టి బిడ్డకు చదువు చెప్పవలసిన ఉపాధ్యాయుడు తన పద్ధతులలో వేనిని మార్చుకొనవలెను, వేనిని విడువరాదు అనునది నేటి ఉపన్యాస విషయము.

ఈ ప్రశ్నకు సమాధానము కొరకు విదేశములకు పోనక్కరలేదు. హైదరాబాదు నగరమున ముషీరాబాదు ప్రాంతమునకు పోయిన చాలును. అచ్చట అశోక్‌నగరు, చిక్కడపల్లి, నారాయణగూడ అను పేటలు దగ్గరదగ్గరగా నున్నవి. ప్రభుత్వోద్యోగ పరీక్షలకు సిద్ధమగు యువతీయువకులు అనేకులు ఈ పేటలలో ఏండ్ల తరబడి నివసించుచున్నారు. కోచింగు సెంటర్లు, హాస్టళ్లు, జిరాక్సు దుకాణములు, చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయము - వీని నడుమనే వారి దినము గడచును. తెలంగాణ జిల్లాల పల్లెలనుండి వచ్చిన బిడ్డలు వారిలో పెక్కుమంది. ఇంటివద్ద తండ్రి పంట అమ్మిన సొమ్ములోనుండి నెలనెల కొంత పంపును. అది చాలకున్న అప్పు చేయును. కనుక అశోక్‌నగరులో సాగు చదువు పల్లెకు పరాయి విషయము కాదు.

ఆ యువకుని జేబులో ఫోను కలదు. పాఠములు యూట్యూబులో వినును. నోట్సులు టెలిగ్రాము ద్వారా అందుకొనును. మాదిరి పరీక్షలు ఫోనులోనే వ్రాయును. చదువవలసినదంతయు అరచేతిలోనే యున్నప్పుడు గదిలో కూర్చుండి చదువుకొనవచ్చును గదా! కాని అతడు ప్రొద్దున్నే బయలుదేరి గ్రంథాలయమునకు పోవును. కుర్చీ దొరకదేమోయను భయముతో ముందుగా పోవును. ఎందులకు? పాఠము ఫోనులోనికి వచ్చినది గాని, పాఠమునెదుట కదలక కూర్చుండు శక్తి ఫోనులోనుండి రాలేదు. గదిలో ఒంటరిగా నున్నప్పుడు, పాఠము కనుపించు తెరమీదనే సినిమా ముక్కయు, క్రికెట్టు స్కోరును, మిత్రుని కబురును అతనిని పిలుచుచుండును. పదిమంది తలవంచి చదువుచున్న చోట తానును తలవంచి చదువును.

ఇంకొక సంగతి గమనింపదగినది. 2024 ఫిబ్రవరిలో తెలంగాణ పబ్లిక్ సర్వీసు కమిషను 563 గ్రూపు-1 ఉద్యోగములకు ప్రకటన వెలువరించెను. ఆ ఏడు అక్టోబరు 21 నుండి 27 వరకు ప్రధాన పరీక్షలు జరిగెను. ప్రాథమిక పరీక్షలో ఇచ్చిన సమాధానములనుండి సరియైనదానిని గుర్తించిన చాలును. ప్రధాన పరీక్షలో అట్లు కాదు. కలము పట్టి, కాగితముపై, ఒక్కొక్క పత్రమునకు 3 గంటల చొప్పున వ్యాసరూపమున వ్రాయవలెను. ఆలోచనను తానే పుట్టించి, వరుసలో పెట్టి, వాక్యములుగా కట్టవలెను. బొటనవ్రేళ్లతో రెండేసి మాటల సందేశములు పంపుటకు అలవాటుపడిన చేయి ఇచ్చట తడబడును. ఆ తడబాటు 25వ ఏట అశోక్‌నగరులో బయటపడును గాని, దాని వేరు ఆరవ తరగతిలోనే యున్నది.

దీనినిబట్టి ఒక సత్యము తేటపడుచున్నది. ఫోను సమాచారమును చౌక చేసినది. శ్రద్ధను చౌక చేయలేదు. వివేచనను చౌక చేయలేదు. తన భావమును తన మాటలలో చెప్పగల నేర్పును చౌక చేయలేదు. సమాచారము పంచుటయే తన పనియని తలచిన ఉపాధ్యాయుడు ఫోనుతో పోటీపడి ఓడిపోవును. ఈ మూడింటిని నేర్పుటయే తన పనియని గ్రహించిన ఉపాధ్యాయునికి ఫోను పోటీదారు కాదు, పనిముట్టు మాత్రమే.

ఈ కాలపు పిల్లలను గూర్చి ఒక భ్రమ లోకమున వ్యాపించియున్నది. 2001లో మార్క్ ప్రెన్‌స్కీ అను అమెరికా రచయిత, నేటి పిల్లలు డిజిటల్ లోకమున పుట్టిన స్థానికులనియు, ఉపాధ్యాయులు ఆ లోకమునకు వలస వచ్చినవారనియు వ్రాసెను. ఆ మాట ప్రపంచమంతట ప్రాకెను. పిల్లలకు అన్నియు వచ్చుననియు, పెద్దలకు ఏమియు రాదనియు ఉపాధ్యాయులే నమ్మజొచ్చిరి. కాని 2017లో కిర్ష్‌నర్, డి బ్రూయిక్కెర్ అను పరిశోధకులు ఆ వాదమును పరిశీలించి, యంత్రముల నడుమ పెరిగినంత మాత్రమున వానితో నేర్చుకొను విద్య దానంతట అది రాదని తేల్చిరి. ఏకకాలమున రెండు మూడు పనులు శ్రద్ధతో చేయగలరనుట కూడ భ్రమయేయని చెప్పిరి.

ఈ దేశపు పల్లెల లెక్కలు చూచినను ఇదే తేలుచున్నది. ప్రథమ్ సంస్థవారి అసర్ 2023 నివేదిక గ్రామీణ ప్రాంతములలో 14 నుండి 18 ఏండ్ల వయస్సుగల వారిని గూర్చినది. వారిలో ఇంట స్మార్టుఫోను ఉండి దానిని వాడ నేర్చినవారు దాదాపు 90 శాతము. అదే నివేదికలో, తమ ప్రాంతీయ భాషలో రెండవ తరగతి స్థాయి పాఠమును తడబడక చదువలేనివారు సుమారు 25 శాతము. మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినవారు సగమునకు తక్కువ. అసర్ 2024 నివేదికలో, 14 నుండి 16 ఏండ్ల పిల్లలలో అంతకుముందు వారమున చదువు సంబంధమైన పనికి ఫోను వాడినవారు 57 శాతము. సోషల్ మీడియా కొరకు వాడినవారు 76 శాతము. వ్రేలికి వేగము వచ్చినది. కంటికి చదువు రాలేదు. ఈ రెంటికిగల దూరమును పూడ్చవలసినవాడు ఉపాధ్యాయుడు.

కాలము మారినప్పుడు గురువు తన పద్ధతిని మార్చుకొనుట తెలుగునాట కొత్త కాదు. నారాయణగూడలోని మాడపాటి హనుమంతరావు బాలికోన్నత పాఠశాల చరిత్రయే ఇందులకు నిదర్శనము. నైజాము పాలనలో ఉర్దూ రాజభాషగా నున్న దినములలో, 1928లో, తెలుగు బాలికలకు తెలుగులోనే చదువు చెప్పుటకు ఆ పాఠశాల వెలసెను. అంతవరకు బడి గడప త్రొక్కని బిడ్డలు బడికి వచ్చిరి. వారి ఇంటి భాషను బడిలోనికి తెచ్చి ఉపాధ్యాయులు బోధించిరి. క్రొత్త విద్యార్థి వచ్చినప్పుడు బోధన అతనియొద్దకు కొంత నడచి రావలెనను ధర్మమును ఆ పేట ఏనాడో ఎరుగును.

క్రొత్త యంత్రము వచ్చుట కూడ ఇది మొదటిసారి కాదు. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు అమెరికావారి ఉపగ్రహ సహాయమున దేశములోని ఆరు రాష్ట్రములలో, 2,400 గ్రామములకు టెలివిజను పాఠములు ప్రసారము చేసిరి. నాటి ఆంధ్రప్రదేశ్ ఆ ఆరింటిలో ఒకటి. ఆనాడు టెలివిజను పెట్టె పల్లెకు పంపి ఊరకుండలేదు. విజ్ఞానశాస్త్రమును ఎట్లు బోధింపవలెనో ఉపాధ్యాయులకు ఆ టెలివిజను ద్వారానే శిక్షణ ఇచ్చిరి. శిక్షణ పొందినవారు దాదాపు 50,000 మంది. యంత్రముతోపాటు గురువును కూడ సిద్ధము చేయవలెనను పాఠము ఆనాడే అందినది.

గురువు లేకయే పిల్లలు యంత్రముతో నేర్చుకొనగలరా యను పరీక్షయు హైదరాబాదులో జరిగినది. సుగతా మిత్రా, జేమ్స్ టూలీ మున్నగువారు 16 మంది పిల్లలకు కంప్యూటరును, ఇంగ్లీషు సినిమాలను, మాటను విని అక్షరములుగా మార్చు సాధనమును ఇచ్చి, 5 నెలలపాటు చూచిరి. పెద్దల జోక్యము అంతగా లేకయే పిల్లల ఇంగ్లీషు ఉచ్చారణ మెరుగుపడెనని 2003లో ప్రకటించిరి. ఉచ్చారణవంటి విద్యలో యంత్రము విసుగు చెందని తోడు కాగలదని దీనివలన తెలిసినది. కాని ఆ మిత్రాగారే 2009లో మరియొక సంగతి తెలిపిరి. దూరమునుండి ముఖాముఖిగా మాటలాడు సాధనమును ఏమి కొరకు వాడుకొందురని భారతదేశపు పిల్లలను అడుగగా, బ్రిటను దేశపు బామ్మలు తమకు కథలు చదివి వినిపింపవలెనని వారు కోరిరట. యంత్రము చేతికి వచ్చిన పిల్లలు యంత్రము ద్వారా కోరినది ఒక మనిషిని! ఉపాధ్యాయులకు ఇంతకు మించిన ధైర్యవచనము అక్కరలేదు.

ఇక ఉపాధ్యాయుడు చేయదగిన పనులు.

మొదటిది శ్రద్ధ. ఒకసారి చెదరిన మనస్సు మరల చదువుపై కుదురుకొనుటకు 20 నిమిషముల వరకు పట్టవచ్చునని యునెస్కో 2023 నివేదిక హెచ్చరించినది. కనుక తరగతిలో ఫోను గాని తెర గాని వాడినప్పుడు దానికొక పని, ఒక గడువు ఉండవలెను. విత్తనము మొలకెత్తు దృశ్యము మూడు నిమిషములు చూపవచ్చును. నడుమ ఆపి, “ఇక ముందేమి జరుగును? మొదట వేరు వచ్చునా, ఆకు వచ్చునా?” అని అడుగవలెను. సమాధానములు విన్న పిమ్మట మిగిలినది చూపి తెర కట్టివేయవలెను. ప్రతిదినము పది నిమిషములు అచ్చు పుస్తకమును మౌనముగా చదివించి, వారమువారము ఒక్కొక్క నిమిషము పెంచవలెను. పొలము గట్టు మీద నడక నేర్చినట్లే, చదువులో నిలకడయు అభ్యాసము వలననే వచ్చును. అన్నిటికంటె ముఖ్యమైనది ఉపాధ్యాయుని నడవడి. పాఠము నడుమ తన ఫోను తాను చూచుకొను గురువు చెప్పు నీతిని ఏ బిడ్డయు వినడు.

రెండవది వివేచన. అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయ పరిశోధకులు 10 మంది చరిత్రాచార్యులకు, 25 మంది విద్యార్థులకు, వార్తలలోని నిజానిజములు తేల్చు 10 మంది నిపుణులకు కొన్ని వెబ్‌సైట్లు చూపి, నమ్మదగినవెవ్వియో చెప్పుమనిరి. పండితులైన చరిత్రాచార్యులు కూడ పెక్కుసారులు మోసపోయిరి. వారు చూపిన పుటనే శ్రద్ధగా చదువుచు కూర్చుండిరి. నిపుణులు మాత్రము ఆ పుటను విడిచి, దాని వెనుక నున్నవారెవరు, వారిని గూర్చి ఇతరులేమనుచున్నారు అని వెంటనే బయట వెదకిరి. ఊరికి క్రొత్తవాడు వచ్చి బేరమాడినప్పుడు రైతు అతని మాటలు మాత్రమే వినడు, పొరుగూరిలో విచారించును. ఆ విద్యయే ఇది. దీనిని నేర్పుట ఏ ఉపాధ్యాయునికైనను సాధ్యము.

ఒక ఉదాహరణ. 1908 సెప్టెంబరు 28న మూసీనదికి వచ్చిన వరద హైదరాబాదు చరిత్రలో మరపురానిది. దానిని గూర్చి విద్యార్థులను మూడు చోట్ల వెదకుమనవలెను. ఒకరు ఫోనులో, ఒకరు గ్రంథాలయమందలి పుస్తకములో, ఒకరు కుటుంబములలో పెద్దలు చెప్పుకొను కథలలో వెదకుదురు. మరునాడు మూడింటిని నల్లబల్లపై పక్కపక్కన వ్రాసి, ఎచ్చట కలిసినవి, ఎచ్చట భేదించినవి, భేదించినచోట దేనిని నమ్మవలెను, ఎందుకు నమ్మవలెను అని చర్చింపవలెను. పరీక్ష వాయిదా పడినదను అబద్ధపు ప్రకటన ఫోనులో వచ్చినప్పుడు కమిషను వెబ్‌సైటు చూడక పరుగులెత్తు ఉద్యోగార్థులు, ఇట్టి అభ్యాసము బాల్యమున కలిగినచో అంత కలత చెందరు.

మూడవది స్వంత మాట. 2022 నవంబరులో చాట్‌జీపీటీ యను సాధనము వెలువడినది మొదలు, అడిగిన వ్యాసమును యంత్రమే వ్రాసి ఇచ్చుచున్నది. దీనితో ఇంటిపని యంతయు దొంగపని యగునని ఉపాధ్యాయులు బెంగపడుట సహజము. దొంగను పట్టుట కంటె ప్రశ్నను మార్చుట మేలు. “నీటి ప్రాముఖ్యమును గూర్చి వ్యాసము వ్రాయుము” అనిన యంత్రము వ్రాయును. “మీ వీధికి నీరు ఎచ్చటినుండి వచ్చుచున్నది? మీ అమ్మమ్మ చిన్ననాట ఎచ్చటినుండి వచ్చెడిది? ఆమెను అడిగి వ్రాయుము” అనిన యంత్రము వ్రాయలేదు, వ్రాసినను అమ్మమ్మ ఒప్పుకొనదు. ఆ సమాధానమును తరగతిలో చేతితో వ్రాయించి, నిలుచుండి చెప్పింపవలెను. అప్పుడప్పుడు యంత్రము వ్రాసిన వ్యాసమునే తరగతికి తెచ్చి, అందలి తప్పులను, తేలిక మాటలను పిల్లలచే పట్టింపవలెను. యంత్రమును దిద్దగలిగిన బిడ్డ యంత్రమునకు దాసుడు కాడు.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. 2020 మార్చిలో కరోనా వలన బడులు మూతపడిన పిమ్మట, ఆ ఏడు సెప్టెంబరు 1 నుండి తెలంగాణలో 3వ తరగతి మొదలు 10వ తరగతి వరకు పిల్లలకు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానెళ్ల ద్వారా పాఠములు మొదలయ్యెను. ఫోనులేని ఇంటికి టెలివిజను కొంత ఆదుకొనినది. కాని ఇంట ఒకే ఫోనుండి, దానిని తండ్రి పనికి తీసికొనిపోయిన పిమ్మట, ముగ్గురు పిల్లలు సాయంకాలము వరకు ఎదురుచూచిన ఇండ్లు ఎన్నియో. అన్నకు దొరకిన ఫోను చెల్లెలికి దొరకని ఇండ్లును కలవు. కనుక ఇంట ఫోనున్నదను భావనతో ఏ పనియు అప్పగింపరాదు. ఫోనులేని బిడ్డ తరగతిలో తలవంచుకొనునట్లు చేయు పద్ధతి ఎంత నూతనమైనను విద్య యనిపించుకొనదు.

ఈ విషయమున ప్రభుత్వములు కూడ ఒకే దారిని నడచుటలేదు. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 8వ తరగతి విద్యార్థులకు ట్యాబులు పంచిపెట్టెను. 2023లో స్వీడను దేశ ప్రభుత్వము బడులలో అచ్చు పుస్తకముల కొనుగోలుకు ప్రత్యేకముగా ధనము కేటాయించెను. ఒకరు తెరవైపు, ఒకరు పుటవైపు నడచినట్లు కనుపించును. ట్యాబు వలన గాని పుస్తకము వలన గాని దానంతట అది చదువు రాదు. ఏ పాఠమునకు ఏది తగినదో ఎరిగి ఎన్నుకొను గురువు తరగతిలో ఉండవలెను. రంపము, ఉలి రెండును వడ్రంగి పెట్టెలోనే యుండును. దేనిని ఎప్పుడు తీయవలెనో వడ్రంగికి తెలియవలెను.

తనకు యంత్రము రాదని ఉపాధ్యాయుడు సిగ్గుపడనక్కరలేదు. తెలియనిదానిని విద్యార్థినే అడుగవచ్చును. శిష్యుని చేతిలో ఓడిపోవుటను గురువు కోరుకొనవలెనని పెద్దలు చెప్పిరి. “ఈ తెర ఎట్లు పనిచేయునో నీవు చెప్పుము, ఇందులో కనుపించినది నిజమో కాదో తేల్చు విధము నేను చెప్పెదను” అను ఒప్పందము గురుశిష్యుల నడుమ కుదిరినచో ఇరువురికిని లాభమే. అయితే ఈ భారమంతయు ఒక్క ఉపాధ్యాయునిపై మోపుట న్యాయము కాదు. 1975లో జరిగినట్లు అతనికి శిక్షణయు, సిద్ధపడుటకు వేళయు ఇచ్చి, పిమ్మటనే ఫలితమును అడుగవలెను. ఇంటిలో తల్లిదండ్రులు కూడ అన్నము తిను వేళనైనను ఫోను ప్రక్కన పెట్టినచో బడిలో చెప్పిన మాట ఇంట నిలుచును.

తుదకు గ్రంథాలయము మాట. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినప్పుడు తెలుగు పుస్తకము దొరకుటయే కష్టము. ఆనాటి గ్రంథాలయము లేనిదానిని తెచ్చి ఇచ్చెను. నేడు సమాచారము వరదవలె వచ్చిపడుచున్నది. నేటి గ్రంథాలయము ఆ వరదలో నిలుచుటకు గట్టు కావలెను. నిశ్శబ్దముగా కూర్చుండు చోటు, పోల్చి చూచుకొనుటకు పుస్తకము, ఫోనులేని బిడ్డకు అందరితో సమానముగా ఒక కంప్యూటరు - ఈ మూడింటిని గ్రంథాలయము ఇచ్చినచో ఉపాధ్యాయుని పని సగము తేలికయగును. చిక్కడపల్లిలో యువకులు కుర్చీ కొరకు ప్రొద్దున్నే పోవుట ఈ అవసరమునే చాటుచున్నది. పల్లె బిడ్డకు ఆ కుర్చీ పదవ ఏటనే, తన ఊరిలోనే దొరకవలెను.

ఒక చిన్న పనితో రజతోత్సవము తరువాతి ఏడు ఆరంభింపవచ్చును. ఊరి పిల్లలు తమ ఫోనులతోనే ఊరి వృద్ధుల మాటలు పట్టి - పాత విత్తనముల పేర్లు, చెరువు తూముల సంగతులు, నాట్ల వేళ కబుర్లు - ఉపాధ్యాయుని సహాయమున తెలుగులో చక్కగా వ్రాసి, ఈ గ్రంథాలయమున భద్రపరుపవలెను. అందులో యంత్రమును కలదు, గురువును కలడు, పుస్తకమును కలదు, బిడ్డ స్వంత మాటయు కలదు. అట్టి పుస్తకమొకటి ఈ బీరువాలో చేరిన దినమున, ఫోను పిల్లలను చెడగొట్టినదని ఎవరును అనజాలరు.

ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమును, వజ్రోత్సవమును చూచుగాక. నేడు ఈ బల్లలవద్ద కూర్చుండిన బాలబాలికలే ఆనాడు ఈ వేదికపై కూర్చుండుదురుగాక.

స్వస్తి.